టెక్స్ట్ రోల్‌ప్లేలో అంత మజా ఏముంది?

బొమ్మ లేదు, శబ్దం లేదు. ఇద్దరు ముగ్గురు వంతులవారీగా పాత్రల్లో ఉండి టైప్ చేసుకోవడమే. మజా అంతా తర్వాతి వాక్యం మన చేతిలో లేకపోవడంలో ఉంది. ఒంటరిగా రాస్తే మలుపు ముందే తెలుసు. ఇక్కడ మన పాత్ర తలుపు తడుతుంది. తీసేదెవరో, అసలు తీస్తారో లేదో అవతలివాళ్లు రాస్తేగాని తెలియదు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో పుట్టిన ‘మడ్’ అనే అక్షరాల ఆట నుంచి నేటి చాట్ యాప్ డిస్కార్డ్ దాకా మనుషుల్ని కూర్చోబెట్టేది ఇదే.

ఆట చెడేదీ అక్కడే. ‘నా కత్తి నీ భుజంలో దిగింది’ అని రాస్తే ఎదుటివారి వంతు కూడా మనమే ఆడేసినట్టు. దీన్ని గాడ్‌మోడింగ్ అంటారు. ‘భుజానికి గురిపెట్టి కత్తి విసిరాడు’ దగ్గర ఆపాలి. తగలాలో, తప్పుకోవాలో వాళ్ల ఇష్టం. పాత్రకు తెలియని రహస్యాన్ని మనకు తెలుసు కదా అని వాడేయడం మెటాగేమింగ్. ఎప్పుడూ ఓడని వీరుడితోనైతే రెండో రోజుకే విసుగు.

వంతుకు ఒకటి రెండు పేరాలు చాలు: ఎదుటివారి మాటకు స్పందన, మనదో కదలిక, చివర వాళ్లు అందుకోవడానికి ఒక కొస. ఓ ప్రశ్నో, మెట్ల మీద అడుగుల చప్పుడో. ‘అతను నవ్వి ఊరుకున్నాడు’ అని వదిలేస్తే అవతలివాళ్లేం రాస్తారు, పాపం! చాలా కథలు ఆగిపోయేది ఇలాగే.

ఏ విషయాలు వద్దో ముందే మాట్లాడుకోండి. మధ్యలో పాత్ర బయటి మాటలుంటే జంట బ్రాకెట్లలో ((ఇలా)) రాయడం ఆనవాయితీ.