స్టేడియం గేటు దగ్గర మొదలయ్యే ఇంజినీరింగ్

ప్రశ్న: మాది పాలకొల్లు, కొబ్బరి వ్యాపారం. మా అమ్మాయి భీమవరంలో బీటెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) రెండో సంవత్సరం చదువుతోంది. దానికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం, అర్ధరాత్రి దాటాక కూడా ఫోన్లో విదేశీ లీగుల మ్యాచ్‌లు చూస్తుంటుంది. మ్యాచ్ చూడటానికి స్టేడియానికి వచ్చే అభిమానులకు టెక్నాలజీతో సౌకర్యాలు కల్పించే రంగంలో పని చేస్తానని, బీటెక్ కాగానే విదేశాల్లో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుతానని పట్టుబడుతోంది. తోటి పిల్లలందరూ సాఫ్ట్‌వేర్ వైపు చూస్తుంటే ఇదేం దారి అని మాకు దిగులుగా ఉంది. ఇందులో నిజంగా ఉద్యోగాలు ఉంటాయా? అప్పు చేసి పంపమంటారా? – ఒక తండ్రి

జవాబు: రంగం నిజమైనదే, మీ అమ్మాయి ఊహల్లో కట్టుకున్నది కాదు. అయితే బీటెక్ పూర్తవుతూనే అప్పు చేసి స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌కు పంపమని మాత్రం నేను చెప్పను. ఆమె కోరుకుంటున్న పనికి కావలసిన అసలు చదువు ఇప్పుడు ఆమె చదువుతున్న ఈసీఈయే. ఆ సంగతి ఆమెకు ఇంకా ఎవరూ చెప్పినట్లు లేదు.

అభిమానికి మ్యాచ్ రోజు ఆట మొదలయ్యే ఈలతో ప్రారంభం కాదు. టికెట్ కొనడం, స్టేడియం దాకా చేరడం, గేటు దాటడం, సీటు వెతుక్కోవడం, విరామంలో ఏదైనా తినడం, చివరికి క్షేమంగా ఇల్లు చేరడం వరకు అంతా అందులో భాగమే. వీటిలో ఇంజినీరుకు ఎక్కువ పని పెట్టేది గేటు. బ్రిటన్‌లో క్రీడా మైదానాల భద్రత కోసం 1973 నుంచి వెలువడుతున్న ‘గ్రీన్ గైడ్’ ప్రకారం, మనుషులను ఒక్కొక్కరిగా లోపలికి వదిలే తిరుగుడు గేటు ఒకదాని గుండా గంటకు 660 మందికి మించి వెళ్తారని లెక్క కట్టకూడదు. అంటే మనిషికి అయిదున్నర సెకన్లు. ఇరవై వేల మంది చివరి గంటలోనే వస్తే 31 గేట్లు కావాలి. అదే ఫోన్లో టికెట్ తెరుచుకోవడానికి ఆలస్యమై, స్క్రీన్ వెలుతురు చాలక స్కానర్ చదవలేక మనిషికి పది సెకన్లు పడితే, గేటుకు గంటకు 360 మందే వెళ్తారు, గేట్ల అవసరం 56కు పెరుగుతుంది. కాలువలో నీరు ఎంత నిండుగా ఉన్నా తూము వెడల్పును బట్టే పారినట్లు, నాలుగున్నర సెకన్ల తేడా బయట వేలమందిని నిలబెట్టేస్తుంది. టికెట్ యాప్ నెట్‌వర్క్ లేకపోయినా తెరుచుకునేలా రాయడం, స్కానర్‌ను మెరుగుపరచడం, ఏ గేటు దగ్గర రద్దీ తక్కువగా ఉందో రోడ్డు మీద ఉన్నప్పుడే అభిమానికి తెలియజేయడం ఈ రంగంలో నిత్యం జరిగే పనులు. మన దేశంలో గేటుకు ముందు పోలీసు తనిఖీ కూడా ఉంటుంది కాబట్టి లెక్క ఇంకా జటిలమవుతుంది.

ఇది సౌకర్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. 2022 మేలో పారిస్ శివార్లలోని స్టాడ్ ద ఫ్రాన్స్‌లో యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ ఫైనల్ రోజున వేలాది మంది ఇరుకు దారిలో, టికెట్ల పరిశీలన దగ్గర చిక్కుకుపోవడంతో మ్యాచ్ అరగంటకు పైగా ఆలస్యంగా మొదలైంది, బయట జనంపై బాష్పవాయువు ప్రయోగించారు. మొదట తప్పంతా నకిలీ టికెట్లతో వచ్చిన అభిమానులదే అన్నారు గానీ, 2023 ఫిబ్రవరిలో వచ్చిన స్వతంత్ర నివేదిక ప్రధాన బాధ్యత నిర్వాహక సంస్థ, యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన యూఈఎఫ్‌ఏదేనని తేల్చింది. ఇటువంటి విషాదం గోదావరి వాసులకు కొత్త కాదు. 2015 జులై 14న, పుష్కరాల తొలిరోజు ఉదయం రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. స్నానానికి వచ్చినవారూ ఆట చూడటానికి వచ్చినవారూ వేరైనా, ఇరుకు చోటికి అందరూ ఒకేసారి చేరడం, ముందు ఏం జరుగుతోందో వెనుకవారికి తెలియకపోవడం అనే రెండు కారణాలే గుంపును ఎక్కడైనా ప్రమాదంలోకి నెడతాయి.

ఇక లోపలి సంగతి. నిండిన స్టేడియంలో ఫోన్ పనిచేయకపోవడం అందరికీ అనుభవమే. మనిషి శరీరంలో అధిక భాగం నీరే కాబట్టి అది వైఫై తరంగాలను పీల్చుకుంటుంది. అందుకే కొన్ని స్టేడియాల్లో చిన్న యాంటెన్నాలను సీట్ల కిందే అమరుస్తారు. సంకేతం కొన్ని వరుసల దాకా వెళ్లి జనం మధ్యనే ఆగిపోవడం వల్ల అదే ఛానెల్‌ను (ఫ్రీక్వెన్సీ పట్టీని) కాస్త దూరంలో మళ్లీ వాడుకోవచ్చు, అంటే అడ్డంకినే ఉపాయంగా మార్చుకున్నారన్నమాట. పైగా ఇంట్లో మనం ఎక్కువగా డౌన్‌లోడ్ చేస్తే, స్టేడియంలో వేలమంది ఒకేసారి వీడియోలు పైకి పంపుతారు. విరామం పదిహేను నిమిషాలే కాబట్టి ఆ వేళలో యూపీఐ చెల్లింపు ఆగితే టీ కొట్టు ముందు వరుస కదలదు. మీ అమ్మాయి చదివే యాంటెన్నాలు, వైర్‌లెస్ కమ్యూనికేషన్ పాఠాలకు ఇంతకన్నా ఆసక్తికరమైన ప్రయోగశాల ఉండదని నా అభిప్రాయం.

మరొకటి, సమాచారం. 2018 రష్యా ప్రపంచ కప్‌లో వీడియో రిఫరీ పద్ధతి ప్రవేశపెట్టినప్పటి నుంచి టీవీ ముందు కూర్చున్నవారికి ప్రతి కోణమూ కనిపిస్తుంటే, డబ్బు పెట్టి స్టేడియానికి వచ్చినవారు మాత్రం గోల్ ఎందుకు రద్దయిందో తెలియక అయోమయపడ్డారు. 2022 ఖతార్‌లో స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు అమర్చి, ఒక్కో ఆటగాడి శరీరంలో 29 బిందువుల కదలికను సెకనుకు 50 సార్లు నమోదు చేసి, ఆటగాడు నిబంధనకు మించి ముందు నిలిచాడా అనే ఆఫ్‌సైడ్ నిర్ణయాన్ని పెద్ద తెరపై త్రీడీ బొమ్మగా చూపారు. 2023 మహిళల ప్రపంచ కప్‌లో రిఫరీయే మైకులో కారణం ప్రకటించారు. ఇందులో రెండోదానికి ఖర్చు దాదాపు లేనట్లే. మీ అమ్మాయి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించాలి, ఎందుకంటే మంచి పరిష్కారం ఎప్పుడూ ఖరీదైన యంత్రమే కానక్కరలేదు.

ఉద్యోగాల విషయంలో ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. మన దేశంలో కేవలం ఫుట్‌బాల్‌ను నమ్ముకుంటే అవకాశాలు తక్కువ. 2021–22 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) విజేత అయిన హైదరాబాద్ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది, వాణిజ్య హక్కుల చిక్కుతో 2025–26 సీజను నెలల తరబడి మొదలుకాలేదు. ఆ క్లబ్బు ఆడిన గచ్చిబౌలి స్టేడియానికి ఉన్నది మన కోనసీమ నుంచి వెళ్లి లోక్‌సభ స్పీకరైన జి.ఎం.సి. బాలయోగి పేరే, కానీ ఆ అనుబంధం ఎవరికీ ఉద్యోగం ఇవ్వదు కదా! క్లబ్బులు స్వయంగా ఇంజినీర్లను తీసుకోవడం ఎక్కడైనా అరుదే. ఈ పనులు చేసేది టికెట్ల సంస్థలు, స్టేడియాలకు నెట్‌వర్కులు, కెమెరాలు అమర్చే సంస్థలు, టెలికాం కంపెనీలు. అవే సంస్థలు క్రికెట్ మైదానాలకు, విమానాశ్రయాలకు, మెట్రో స్టేషన్లకు, పెద్ద దేవాలయాలకు కూడా పని చేస్తాయి. కాబట్టి మీ అమ్మాయి తనను ఫుట్‌బాల్ ఉద్యోగార్థిగా కాక, జనసమ్మర్ద స్థలాల సాంకేతికత తెలిసిన ఇంజినీరుగా తీర్చిదిద్దుకుంటే దారి వెడల్పవుతుంది, ఫుట్‌బాల్ ద్వారమూ మూసుకుపోదు.

వచ్చే రెండేళ్లలో ఆమె వైర్‌లెస్ నెట్‌వర్కులపై గట్టి పట్టు సాధించి సీసీఎన్‌ఏ (సిస్కో సంస్థ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) పూర్తి చేయాలి, పైథాన్‌తో పాటు వీడియోలో మనుషులను లెక్కించే పద్ధతులు, సంభావ్యత, వరుసల సిద్ధాంతం (క్యూలు ఎలా పెరుగుతాయో, తగ్గుతాయో లెక్కగట్టే గణితం) నేర్చుకోవాలి. ప్రాజెక్టు కోసం యూరప్ స్టేడియాల వైపు చూడనక్కరలేదు. భీష్మ ఏకాదశి నాడు అంతర్వేది రథోత్సవానికి వెళ్లే జనం నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు కోసం బారులు తీరతారు. ఒడ్డున నిలబడి ప్రతి అయిదు నిమిషాలకు ఎంతమంది వచ్చారో, ఒక్కో పంటు ఎంతమందిని ఎక్కించుకొని ఎంతసేపటికి తిరిగి వచ్చిందో రాసుకుంటే, వరుస ఏ గంటకు ఎంత పెరుగుతుందో ముందే చెప్పే నమూనా తయారు చేయవచ్చు. శనివారాల్లో వాడపల్లి వెంకన్న దర్శనం వరుసకూ ఇదే లెక్క వర్తిస్తుంది. 2027 గోదావరి పుష్కరాలకు ఇటువంటి పని తెలిసిన విద్యార్థులు అక్కరకు వస్తారు. ఇంటర్వ్యూలో ఒక మ్యాచ్ యాప్ నమూనా చూపేవారు పదిమంది ఉంటే, నిజమైన వరుసను కొలిచి చూపగలిగేవారు ఒక్కరుంటే గొప్ప.

పై చదువుల సంగతి రెండు, మూడేళ్ల ఉద్యోగానుభవం తర్వాత తేల్చుకోవచ్చు. ఐఐటీ మద్రాసులో క్రీడా విజ్ఞానం, విశ్లేషణలకు ప్రత్యేక కేంద్రం ఉంది, ఐఐఎం రోహ్‌తక్‌లో ఉద్యోగులకు స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సు ఉంది. ఇంగ్లండ్, ఇటలీ, స్విట్జర్లాండ్ విశ్వవిద్యాలయాలు కలిసి 2000 నుంచి నడుపుతున్న ‘ఫిఫా మాస్టర్’ అనే క్రీడా నిర్వహణ పీజీ కోర్సులో సీట్లు చాలా తక్కువ. ఏమాత్రం అనుభవం లేకుండా విదేశాల్లో మేనేజ్‌మెంట్ పట్టా తెచ్చుకున్నవారికి అక్కడి క్లబ్బులో ఉద్యోగం దొరకడం కష్టం, అప్పు వాయిదాలు మాత్రం ఆగవు. విదేశీ చదువే కావాలనుకుంటే కమ్యూనికేషన్స్‌లో ఎంఎస్ ఎక్కువ భరోసానిస్తుంది.

ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు ప్రిన్సిపాల్ సంతకంతో ఆలయ ఈవోకు, స్థానిక పోలీస్ స్టేషనుకు లేఖలు ఇప్పించండి. ముఖాలు గుర్తుపట్టేలా వీడియో తీయకుండా, పైనుంచి తలలను మాత్రమే లెక్కించే పద్ధతి ఎంచుకోమనండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గురించి ఏ కంపెనీ అయినా అడిగితే, తాను ఎవరి ముఖాన్నీ ఎందుకు భద్రపరచలేదో ఆమె వివరించగలగాలి. రేవుకు ఒంటరిగా కాకుండా ఇద్దరు సహాధ్యాయులతో, ఒక అధ్యాపకునితో వెళ్లడం మేలు. లెక్క రాసేవారు ఇద్దరుంటేనే అంకెలు సరిచూసుకోవడానికి వీలవుతుంది.