సేఫ్టీ ఆఫీసర్ ఎవరి మనిషి?

ప్రశ్న: బీటెక్ కెమికల్ పూర్తిచేసి, సంగారెడ్డి జిల్లాలోని ఒక బల్క్‌డ్రగ్ (మందుల ముడిసరుకు) పరిశ్రమలో మూడేళ్లుగా ప్రొడక్షన్ విభాగంలో పనిచేస్తున్నాను. మా జిల్లాలోనే పాశమైలారంలోని ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు తర్వాత సేఫ్టీ వైపు మారాలన్న ఆలోచన బలపడింది. మా నాన్నగారు సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు, తన గనిలో యూనియన్ కార్యదర్శి (పిట్ కార్యదర్శి)గా కూడా ఉన్నారు. ‘సేఫ్టీ ఆఫీసరంటే యాజమాన్యం మనిషే, కార్మికులు నిన్ను నమ్మరు’ అంటున్నారు. మా ఫ్యాక్టరీలో పైవాళ్లేమో ‘ప్రమాదాల సంగతి యాజమాన్యాల అసోసియేషన్‌లో మాట్లాడుకుంటాం, యూనియన్లకు చెప్పాల్సిన పనిలేదు’ అంటారు. ఇద్దరి మధ్య నలిగిపోయే ఉద్యోగమేమో అని భయంగా ఉంది. వెళ్లమంటారా? వెళితే ఏం చదవాలి?
– ఒక పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

జవాబు: మీ నాన్నగారి మాటను కొట్టిపారేయకండి. ఎన్నో ప్రమాదాల్లో, జరగబోయేది ముందే పసిగట్టినవాళ్లు అక్కడే ఉంటారు. వాళ్లకు తెలిసిన సంగతి మాత్రం చేరాల్సినచోటికి చేరదు. గనిలో బతుకు గడిపిన మనిషికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన అనుమానం అక్కడినుంచే వచ్చింది. కానీ దానికి జవాబు కూడా ఆయన పనిచేసిన గనుల్లోనే ఉంది.

మైన్స్ రూల్స్ ప్రకారం 500 మంది, అంతకు మించి పనిచేసే గనిలో ముగ్గురు వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఉండాలి. మైనింగ్‌కు ఒకరు, ఎలక్ట్రికల్‌కు ఒకరు, మెకానికల్‌కు ఒకరు. రిజిస్టరైన యూనియన్‌ను సంప్రదించే వాళ్లను నియమించాలి. వాళ్లు గనిలో తిరిగి, కనిపించిన లోపాన్ని పేజీ నంబర్లు వేసిన బైండు పుస్తకంలో రాస్తారు. ఏం సరిచేశారో మేనేజరు అదే పుస్తకంలో రాయాలి. నోటిమాటగా అయితే ‘నాకెవరూ చెప్పలేదు’ అని తప్పించుకోవచ్చు, పుస్తకంలోకి ఎక్కాక ఆ వీలుండదు. దీనికి తోడు 100 మంది దాటిన గనిలో సేఫ్టీ కమిటీ ఉంటుంది. మేనేజరు దానికి అధ్యక్షుడు. అధికారుల నుంచి ఐదుగురు, కార్మికుల నుంచి ఐదుగురు నెలకోసారైనా కలిసి కూర్చోవాలి. ఆ కమిటీకి కార్యదర్శి ఎవరో మీ నాన్నగారినే అడగండి. సేఫ్టీ ఆఫీసరే. పైస్థాయిలో గనుల భద్రతా విభాగమైన డీజీఎంఎస్, యాజమాన్యం, యూనియన్లు ఒకే బల్ల చుట్టూ కూర్చునే త్రైపాక్షిక సమీక్షలు సింగరేణిలో ఆనవాయితీ.

ఈ ఏర్పాటు ప్రతి గనిలోనూ రాసినంత చక్కగా నడుస్తుందని చెప్పను. 2003 జూన్ 16న గోదావరిఖనిలో ఏడో ఎల్‌ఈపీ అనే సింగరేణి గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది ప్రాణాలు పోయిన రోజున కూడా ఈ రూల్స్ అమల్లోనే ఉన్నాయి. అయినా బొగ్గుగనిలో కార్మికుడు చూసినదాన్ని కాగితం మీదికి తెచ్చే దారి ఒకటి ఉంది. మీరున్న రసాయన పరిశ్రమలో చాలాచోట్ల ఆ దారి పేరుకే మిగిలింది. సేఫ్టీలోకి వెళితే మీ అసలు పని దాన్ని తెరిచి ఉంచడమే.

మీ పైవాళ్లు చెప్పే అసోసియేషన్ వైపు కూడా చూద్దాం. దాన్ని శత్రువుగా అనుకోవద్దు. హైదరాబాద్‌లో బల్క్ డ్రగ్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ ఉంది. దేశస్థాయిలో ఇండియన్ కెమికల్ కౌన్సిల్ ‘రెస్పాన్సిబుల్ కేర్’ అనే భద్రతా కార్యక్రమాన్ని నడుపుతోంది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగిన మరుసటి ఏడాది, 1985లో, కెనడా రసాయన పరిశ్రమల సంఘం మొదలుపెట్టిన కార్యక్రమమిది. ఇలాంటి సంఘాల్లో ఇంజినీర్లు పోగవుతారు. ఫలానా సాల్వెంట్ ఎందుకు అంటుకుంది, డ్రయ్యర్‌లో స్థిర విద్యుత్తు ఎక్కడ పుట్టింది, ఏ వాల్వు మారిస్తే ముప్పు తప్పుతుంది అన్న సాంకేతిక కారణాలు అక్కడ దొరుకుతాయి. కానీ ఆ సమాచారం లాయర్ల చూపు దాటుకుని, కంపెనీ పేరు తీసేసుకుని, నెమ్మదిగా బయటికొస్తుంది. వచ్చాక కూడా మేనేజర్ల మెయిళ్ల దగ్గరే ఆగిపోతుంది.

యూనియన్‌కు చేరే సమాచారం తీరు దీనికి పూర్తిగా భిన్నం. అది గంటలో వస్తుంది, ఫొటోతో సహా వస్తుంది. ‘మూడో బ్లాకులో నాలుగు రోజులుగా వాసన వస్తోంది, చెబితే మాస్కు పెట్టుకోమన్నారు’ అన్న మాట యూనియన్ నాయకుడికి అందినంత తొందరగా ప్లాంట్ హెడ్‌కు అందదు. పరిహారం కేసులు నడిపేది, చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లేది కూడా యూనియన్ వాళ్లే. అందువల్ల ఒకేరకం ప్రమాదం నాలుగు ఫ్యాక్టరీల్లో జరిగితే, ఆ సంబంధాన్ని తరచూ ముందుగా పట్టుకునేది వాళ్లే. వాళ్ల దగ్గర లేనిది ఆ వాసన ఏ రసాయనానిదో, ఎంత మోతాదు దాటితే పేలుతుందో తేల్చే సాధనం. ఒకరి దగ్గర కారణం ఉంది, ఇంకొకరి దగ్గర కబురు ఉంది. ఈ రెండూ కలిసే చోటు మీ కుర్చీ. అందుకే అది ఇరుకైన కుర్చీ. నలిగిపోతానేమో అన్న మీ భయం నిజమైనదే, కానీ ఆ ఇరుకును తప్పించుకున్నవాళ్లు ఈ ఉద్యోగం చేసినట్టు కాదు.

‘చెప్పాల్సిన పనిలేదు’ అన్న మాట మాత్రం శుద్ధ తప్పు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో కొత్త సెక్షన్లు చేర్చారు. ప్రమాదకర ప్రక్రియల వివరాలు కార్మికులకు, చుట్టుపక్కల ప్రజలకు తెలపాలని 41బి చెప్పింది. కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో ఉండే సేఫ్టీ కమిటీని 41జి తెచ్చింది. ముప్పు ముంచుకొస్తోందని తోస్తే కార్మికుడు నేరుగా గానీ, కమిటీలోని ప్రతినిధుల ద్వారా గానీ యాజమాన్యాన్ని అప్రమత్తం చేసి, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్‌కూ తెలిపే హక్కును 41హెచ్ ఇచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ కూడా భద్రతా సమాచారం పొందడం ఉద్యోగి హక్కు అంటోంది. మీ మందు తయారీ విధానం రహస్యం కావచ్చు. ఆ రసాయనం ఎంత వేడికి మండుతుంది, పీలిస్తే ఏమవుతుంది అన్నవి రహస్యాలు కావు. అలాగని కాగితాలు చాటుగా యూనియన్‌కు పంపమని నేను చెప్పను. అలా చేస్తే ఉద్యోగం పోతుంది, మీ మాటకు విలువా పోతుంది. కమిటీలో అడిగించండి, మినిట్స్‌లో (సమావేశపు రికార్డులో) రాయించండి, సంతకాలు పెట్టించండి. మీ చేతిలోని బలం ఆ రాతే.

ఇంకొక సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో చనిపోయిన నలభై మందికి పైగా మనుషుల్లో ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, జార్ఖండ్ లాంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. అక్కడ తయారయ్యేది మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి. అలాంటి పొడి సన్నటి దుమ్ముగా గాల్లో కమ్ముకుంటే పేలుతుంది, పిండిమిల్లులోని పిండికైనా ఆ గుణం ఉంది. కాంట్రాక్టరు తెచ్చిన కార్మికుడికి ఈ ఒక్క వాక్యం ఎవరు, ఏ భాషలో చెప్పాలి? అసోసియేషన్ పత్రాలు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటాయి. యూనియన్ సభ్యత్వం ఎక్కువగా పర్మినెంటు కార్మికులది. ఈ రెండింటికీ బయట మిగిలిపోయినవాడే డ్రయ్యర్ పక్కన నిలబడతాడు. సేఫ్టీ ఆఫీసర్ల నియామక నిబంధనల్లో, ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతంలోని ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష వచ్చి ఉండాలన్న షరతు ఒకటుంది. చాలామంది దాన్ని లాంఛనంగా చూస్తారు. మీరు మాత్రం హిందీ ధారాళంగా మాట్లాడటం నేర్చుకోండి, ఒడియాలో ‘ఆగు, బయటికి పరుగెత్తు, ముట్టుకోకు’ అనగలిగినంతైనా నేర్చుకోండి. ఇంకో సర్టిఫికెట్ కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

చదువు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంజినీరింగ్ డిగ్రీతో పాటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ హోదాలో రెండేళ్ల అనుభవం, ఆపైన గుర్తింపు ఉన్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా ఉంటే సేఫ్టీ ఆఫీసర్ అర్హత వస్తుందన్నది ఇన్నాళ్లూ ఉన్న పద్ధతి. మీ అనుభవ పత్రంలో సూపర్‌వైజరీ హోదా స్పష్టంగా రాయించుకోండి, చాలామంది దరఖాస్తులు అక్కడే ఆగిపోతాయి. డిప్లొమాకు ముంబయిలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, మనకు దగ్గరలో చెన్నై రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ మంచి పేరున్నవి. కోర్సు ఏడాది ఉంటుంది. మూడు నెలల్లో డిప్లొమా ఇస్తామనే ప్రైవేటు సంస్థలకు డబ్బు కట్టేముందు, ఆ సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో ఫ్యాక్టరీల శాఖలో కనుక్కోండి. నెబోష్ అనే బ్రిటన్ సేఫ్టీ సర్టిఫికెట్ గల్ఫ్ ఉద్యోగాలకు పనికొస్తుంది కానీ, ఇక్కడి చట్టం అడిగే డిప్లొమాకు అది బదులు కాదు. కొత్త కోడ్ కింద రాష్ట్ర నిబంధనలేమిటో కూడా దరఖాస్తుకు ముందు చూసుకోండి.

అవకాశాలు పెరుగుతాయనే నా అభిప్రాయం. పాత చట్టంలో వెయ్యిమంది ఉన్న ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి, ప్రమాదకర పరిశ్రమల్లో రాష్ట్రం నోటిఫై చేసినచోట అంతకంటే తక్కువమంది ఉన్నా నియమించాలి. కొత్త కోడ్ ఆ సంఖ్యను 500కు, ప్రమాదకర ప్రక్రియలుంటే 250కి దించింది. మీ చుట్టూ ఉన్న మధ్యతరహా బల్క్‌డ్రగ్ యూనిట్లు ఎన్నో ఈ లెక్కలోకి వస్తాయి.

కాబట్టి వెళ్లండి. కానీ ఎక్కడపడితే అక్కడ చేరవద్దు. ఇంటర్వ్యూలో ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు రెండు విషయాలు అడగండి. గత మూడు సేఫ్టీ కమిటీ సమావేశాల మినిట్స్ చూడవచ్చా? కమిటీలోని కార్మిక ప్రతినిధులను ఎవరు ఎంపిక చేశారు? మినిట్స్‌లో ప్రతిసారీ అవే వాక్యాలు, అవే సంతకాలు కనిపిస్తే, ప్రతినిధులను హెచ్‌ఆర్ వాళ్లే ఎంపిక చేశారని తెలిస్తే, జీతం ఎంత ఇస్తామన్నా ఆలోచించుకోండి. ఆ మినిట్స్ చదవడం మీ నాన్నగారికి బాగా తెలిసే ఉంటుంది. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఒక సాయంత్రం ఆయన దగ్గర కూర్చుని, పిట్ సేఫ్టీ కమిటీలో ఏ ఫిర్యాదు పనయ్యేదో, ఏది ఫైలులోనే ఉండిపోయేదో, ఎందుకలా జరిగేదో అడిగి రాసుకోండి.