పాఠకుల ప్రశ్నలు: 39 శాతం ఓట్లకు 23 సీట్లా, 11 సీట్లా?

ప్రశ్న: 2019 శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీకి సుమారు 39 శాతం ఓట్లు పడితే 23 సీట్లు వచ్చాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ సుమారు 39 శాతమే పడ్డాయి గానీ, సీట్లు 11 మాత్రమే. ఎవరినీ అనుమానించకుండా, ఉత్త లెక్కతోనే దీనికి కారణం చెప్పగలరా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: చెప్పవచ్చు. మన పద్ధతిలో గెలవడానికి సగం ఓట్లు అక్కరలేదు, రెండో స్థానంలో ఉన్నవారికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. అందువల్ల ఒక పార్టీకి 39 శాతం వచ్చిందని మాత్రమే తెలిస్తే సీట్ల సంగతి ఏమీ తేలదు. ఆ 39కి ఎదురుగా ఒక్కచోట చేరిన ఓట్లు ఎన్ని అన్నది చూడాలి. 2019లో ఎదురుగా ఉన్నది వైఎస్సార్ కాంగ్రెస్‌కు పడ్డ దాదాపు 50 శాతం, జనసేన విడిగా పోటీ చేసింది. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి నిలవడంతో ఎదుటి వాటా 55 శాతానికి చేరింది. రాష్ట్రమంతటా ఇంచుమించు సమానంగా పరుచుకున్న 39 శాతం, అంత ఎత్తు గోడ ముందు చాలాచోట్ల రెండో స్థానంలోనే ఆగిపోతుంది.

ఇంతకంటే పదునైన ఉదాహరణ కర్నూలు చరిత్రలోనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధానిగా, గుడారాల్లో కార్యాలయాలు నడుస్తున్న రోజులవి. అంతకుముందు 1952 ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాల్లో కమ్యూనిస్టులు సుమారు 22 శాతం ఓట్లతోనే 41 గెలిచారు, ఎందుకంటే వారిని వ్యతిరేకించినవారు కాంగ్రెస్ అనీ, కృషికార్ లోక్ పార్టీ అనీ, ప్రజా పార్టీ అనీ ఎవరికి వారు పోటీపడి ఓట్లు చీల్చుకున్నారు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం మద్యనిషేధం వివాదంపై ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయిన తరువాత ఈ మూడు పక్షాలకూ జ్ఞానోదయమైంది. 1955 ఫిబ్రవరిలో అవి స్థానాలు పంచుకుని ఒక్కటిగా నిలిచాయి. కమ్యూనిస్టుల ఓట్లు 31 శాతానికి పెరిగాయి, సీట్లు మాత్రం 196లో 15కు దిగిపోయాయి. ఆ ఓటమికి పత్రికల ప్రచారం వంటి కారణాలు మరికొన్ని ఉన్నమాట నిజమే. అయితే ఓట్లు పెరుగుతూ సీట్లు తగ్గడాన్ని ప్రచారం ఒక్కటే వివరించలేదు.

ఒక్క సీటుకు ఎక్కువ ఓట్లవాడే విజేత అనే నియమం ఉన్నచోట పోటీ క్రమంగా ఇద్దరి మధ్యకు కుదించుకుపోతుందని ఫ్రెంచి పండితుడు మోరిస్ దువెర్జే 1951లో సూత్రీకరించాడు. నేను పోలింగ్ విధుల్లో ఉన్న ఒక ఎన్నికలో, పత్తికొండ వైపు పల్లెలో వరుసలో నిలబడ్డ ఒక అవ్వ తన మనవడితో, "ఆయప్ప మంచోడే గానీ గెలిచేటట్టు లేడు నాయనా, మన ఓటు మురిగిపోతాది" అనడం విన్నాను. దువెర్జే సూత్రం వెనుక ఉన్నది ఆ మాటే.

ప్రశ్న: తమ కాలంలో ఒక్కొక్కరికి రెండు ఓట్లు ఉండేవని మా తాతగారు అంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: నిజమేనమ్మా. 1961 వరకు ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. 1955 ఎన్నికల్లోనే 167 నియోజకవర్గాల నుంచి 196 మంది ఎన్నికయ్యారంటే, 29 చోట్ల ఇద్దరేసి అన్నమాట. అటువంటిచోట ఒక స్థానం షెడ్యూల్డు కులాలకో తెగలకో ప్రత్యేకించి, రెండోది అందరికీ వదిలేవారు. ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి గానీ రెండూ ఒకే అభ్యర్థికి వేయకూడదు. తాతగారిని ఇంకొక సంగతి కూడా అడగండి. తొలి ఎన్నికల్లో ముద్ర వేసే పని ఉండేది కాదు, గుర్తు అతికించిన పెట్టె ఒక్కొక్క అభ్యర్థికి ఒకటి ఉంటే, నచ్చిన పెట్టెలో చీటీ వేసి వచ్చేవారు.

ఈ ఏర్పాటు రద్దు కావడానికి దారితీసిన కథ కూడా మన తెలుగునాట జరిగినదే. 1957లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గంలో రెండు స్థానాలనూ గిరిజన అభ్యర్థులే గెలిచారు, ఓడినవారిలో వి.వి. గిరి ఉన్నారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ప్రత్యేక స్థానానికి అర్హుడైనవాడు, ఓట్లు ఎక్కువ వస్తే సాధారణ స్థానం కూడా పొందవచ్చునని 1959లో తీర్పు వచ్చింది. ఆ తరువాత రెండేళ్లకే చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలను తీసివేయడం కేవలం పాలనా సౌలభ్యం కోసమేనని నేను అనుకోను.

ప్రశ్న: దామాషా పద్ధతి తెస్తే పార్టీలు, ప్రభుత్వ పథకాలు మారతాయా?
– ఒక ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు

జవాబు: పార్టీకి వచ్చిన ఓట్ల వాటాకు తగ్గట్టు సీట్లు ఇచ్చేదే దామాషా పద్ధతి. దానితో పార్టీలు తప్పక మారతాయి. 1977లో శ్రీలంకలో మన పద్ధతే ఉండగా, యునైటెడ్ నేషనల్ పార్టీ సగానికి కాస్త ఎక్కువ ఓట్లతో 168లో 140 స్థానాలు గెలిచింది. దాదాపు 30 శాతం ఓట్లు తెచ్చుకున్న ఫ్రీడం పార్టీకి 8 దక్కితే, అంతకంటే చాలా తక్కువ ఓట్లున్నా అవన్నీ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లోనే పోగైన తమిళ పక్షం 18 గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. 1978 రాజ్యాంగంతో దామాషా పద్ధతి వచ్చాక అటువంటి ఏకపక్ష ఫలితాలు తగ్గాయి గానీ, ఇష్టమైన అభ్యర్థికి గుర్తు పెట్టే వీలు ఉండడంతో ఒకే పార్టీవారు తమలో తామే తలపడడం మొదలైంది.

పథకాల సంగతి అంత సూటిగా లేదు. దామాషా దేశాల్లో సంక్షేమానికి ఎక్కువ వాటా పోతుందనీ, మనవంటి పద్ధతిలో ఖర్చు నియోజకవర్గాలవారీ పనులవైపు మొగ్గుతుందనీ పెర్సన్, టాబెల్లిని అనే ఆర్థికవేత్తలు చూపారు. "మా నియోజకవర్గానికి ఏం తెచ్చావు?" అన్న ప్రశ్నకు హంద్రీ-నీవా పిల్లకాలువో, సిమెంటు రోడ్డో జవాబు అవుతుందన్నంత వరకు అది మనకూ సరిపోతుంది. అయితే 1983 తరువాత రెండు రూపాయల కిలో బియ్యం మొదలు పింఛన్ల దాకా రాష్ట్రమంతటికీ వర్తించే పథకాలు ఇదే పద్ధతిలో వచ్చాయి. మన ఓటరు ఎమ్మెల్యే పేరు చూసి కాక ముఖ్యమంత్రి ఎవరన్నది చూసి ఓటు వేయడమే దానికి కారణమని నా అభిప్రాయం.

1949 జనవరిలో రాజ్యాంగ సభలో దామాషా ప్రతిపాదన వచ్చినప్పుడు, అక్షరాస్యత తక్కువగా ఉన్న దేశానికి ఇది కుదరదనీ, స్థిరమైన ప్రభుత్వం కావాలనీ అంబేడ్కర్ తోసిపుచ్చారు. మీ పిల్లలకు ఆ పద్ధతిని చూపాలనుకుంటే దూరం వెళ్లనక్కరలేదు: రాజ్యసభ ఎన్నికకు పోలింగ్ జరిగినప్పుడల్లా ప్రొద్దుటూరు ఎమ్మెల్యే అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని అంకెలు వేసి ఇచ్చే ఓటు దామాషా పద్ధతిలో ఒక రకమే.