తల తెగిన పురుగుకు వెలుతురు తెలుస్తుందా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి పెంచే రంగురొయ్యల తొట్టిలో గోధుమరంగు పురుగులు చేరాయి. సెంటీమీటరు పొడవు, బాణం మొనలాంటి తల, దానిమీద మెల్లకళ్లలా రెండు చుక్కలు. రాత్రిపూట సెల్‌ఫోన్ లైటు వేస్తే గులకరాళ్ల కిందికి జారుకుంటాయి. ఒకదాన్ని బ్లేడుతో గీకబోతే తల తెగింది. మొండేన్ని సాసర్లో వేసి లైటు వేస్తే ఉలుకూ పలుకూ లేదు. చచ్చిందంటారా? అసలు ఆ చుక్కలతో మనల్ని చూస్తాయా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చావలేదమ్మా. అప్పుడే పారబోయకండి.

అవి ప్లనేరియాలు. ఇంటర్ జువాలజీలో బల్లపరుపు పురుగులని చదువుతామే, ఆ కుటుంబం. మిమ్మల్ని చూడటం మాత్రం వాటివల్ల కాదు. ఆ కళ్లకు కటకం లేదు, బొమ్మ పడదు. ఒక్కో కన్ను నల్లరంగు కణాలు కట్టిన చిన్న గిన్నె. వెలుతురు పట్టే నాడీకణాల కొసలు అందులోకి దిగి ఉంటాయి. గిన్నె మూతి బయటి పక్కకి ఉంటుంది కాబట్టి, ఎడమనుంచి లైటు వేస్తే ఎడమ గిన్నెలో నేరుగా పడుతుంది, కుడిదానికి దాని గోడే అడ్డం. ఎటు తక్కువో అటు తల తిప్పుకుని పోతుంది. కళ్లు మూసుకున్నా ఎండ ఏ పక్కనుంచో మన చెంపలకు తెలియదూ, దాదాపు అలాగే.

కాలేజీలో ఉన్నప్పుడు వీటిని గుడ్డు పచ్చసొన వేసి పెంచేవాణ్ణి. గాజుపళ్లేనికి సగందాకా నల్లకాగితం చుట్టి కిటికీలో పెట్టి, టీ తాగి వచ్చేసరికి అన్నీ చీకటి సగంలోనే. టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం కడితే మాత్రం పట్టించుకునేవి కావు. నీలం వెలుగంటే భయం, అతినీలలోహితమంటే హడలే. మీరూ ఎర్రకాగితం కట్టి చూడండి, తీరిగ్గా తిరుగుతూ కనిపిస్తాయి.

ఇక మీ మొండెం సంగతి. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఇన్‌స్టెమ్‌లో ఆకాశ్ గుల్యాని, దాసరథి పాలకోడేటి బృందం 2017లో ఈ పనే చేసింది, బ్లేడు జారి కాదు, కావాలనే. తల లేని పురుగులు కూడా అతినీలలోహిత కాంతికి కదిలాయి. ఒంటి అంచు వెంబడి వెలుతురు పట్టే కణాలు బారులు తీరి ఉంటాయనీ, పురుగు ఎదిగేకొద్దీ అవి తయారవుతాయనీ 2021లో తేలింది. ఫోన్ లైటులో ఆ కిరణాలు దాదాపు ఉండవు, అందుకే మీ మొండెం ఊరుకుంది. దొంగనోట్లు పట్టే అతినీలలోహిత లైటు ఎవరి దుకాణంలోనైనా దొరికితే వేసి చూడండి, మీ కళ్లలో మాత్రం పడనివ్వకండి.

సాసర్లో తొట్టినీళ్లే పోసి నీడలో ఉంచండి. వారం తిరిగేలోపు కొత్త తలా, దానిమీద చుక్కలూ మొదలవుతాయి. ముందు వెలుగు–చీకటి తేడా తెలుస్తుంది, సన్నపాటి తేడాలు పట్టే నేర్పు ఇంకొన్నాళ్లకు గాని రాదు.

అన్నట్టు, తెగిన తల తొట్టిలోనే పడిందా? ఈపాటికి దానికీ తోక వస్తూండొచ్చు. బ్లేడు పక్కన పెట్టేయండి.