పాఠకుల ప్రశ్నలు – జవాబులు: వాన లేని ఎండాకాలంలో తోటకు దోమలు ఎక్కడివి?

ప్రశ్న: మా పెరట్లో కరివేపాకు, మల్లె, రెండు అరటి చెట్లు, మిద్దె మీద 40 దాకా కుండీలు ఉన్నాయి. మా వీధికి కొళాయి నీళ్లు రెండు రోజులకొకసారి వస్తాయి కాబట్టి మొక్కల కోసం రెండు డ్రమ్ముల్లోనూ, ఒక సిమెంటు తొట్టిలోనూ పట్టి ఉంచుకుంటాము. నెలల తరబడి వాన చుక్క పడలేదు, వీధిలోని మురుగు కాలువ కూడా ఎండిపోయింది. అయినా సాయంత్రం వెలుతురు ఉండగానే మల్లెమొగ్గలు కోయడానికి వెళితే కాళ్ల నిండా దోమకాట్లే. నిమ్మగడ్డి, బంతి, తులసి నాటాను, వేపాకు పొగ వేస్తున్నాను, గుణం కనిపించలేదు. మొక్కలు తీసేస్తే గానీ దోమలు పోవని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఇంట్లో నాలుగేళ్ల మనవరాలు ఉంది. తోట తీసేయక తప్పదా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: తీసేయనక్కర లేదమ్మా. మొక్కలు దోమలకు పగటిపూట నీడనిస్తాయన్న మాట నిజమే గానీ, దోమ పుట్టేది ఆకుల్లో కాదు, నిలిచిన నీళ్లలో. ఆ నీళ్లు ఎక్కడున్నాయో మీ ఉత్తరంలోనే ఉంది: రెండు డ్రమ్ములు, ఒక తొట్టి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వాన పడే అనంతపురం వంటి చోట నీళ్లు పట్టి దాచుకోకుండా ఎవరికీ గడవదు. ఎండ ముదిరి కొళాయి వంతులు దూరమయ్యే కొద్దీ ప్రతి ఇంట్లోనూ పాత్రలు పెరుగుతాయి, వాటితోపాటే ఈ దోమలూ పెరుగుతాయి. వాన లేకపోవడం వల్ల దోమ ఉండదనుకోవడం మన ప్రాంతంలో చాలామంది పడే పొరపాటు.

వెలుతురు ఉండగా, మోకాలి కింద కుడుతున్నాయంటే అది చాలావరకు ఈడిస్ ఈజిప్టై అనే దోమ అయి ఉంటుంది. నల్లని ఒంటి మీద, కాళ్ల మీద తెల్లని చారలు ఉంటాయి. తెల్లవారిన కాసేపటికీ, మళ్లీ పొద్దుగూకే ముందూ ఎక్కువగా కుడుతుంది. డెంగీని, చికున్‌గున్యాను మోసుకొచ్చేది ఇదే. ఇది మురుగు కన్నా మనం దాచుకున్న శుభ్రమైన నీళ్లనే కోరుకుంటుంది, పుట్టిన చోటికి సాధారణంగా ఒకటి రెండు వందల మీటర్లు దాటి పోదు. కాబట్టి మిమ్మల్ని కుడుతున్న దోమ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పుట్టిందే.

ఈ దోమ గుడ్లు పెట్టే తీరు తెలిస్తేనే మిగతా పనులకు అర్థం ఉంటుంది. గుడ్లను నీళ్లలో వదలదు. నీటిమట్టానికి కొంచెం పైన, తడిగా ఉన్న తొట్టి లోపలి గోడకు అంటిస్తుంది. నీళ్లు వాడగా మట్టం దిగిపోయి గోడ ఎండినా ఆ గుడ్లు చావవు, నెలల తరబడి అలాగే పడి ఉంటాయి. మళ్లీ కొళాయి వచ్చి తొట్టి నిండగానే పొదుగుతాయి. అందుకే తొట్టిని ఖాళీ చేసి వెంటనే మళ్లీ నింపితే ప్రయోజనం తక్కువ. లోపలి గోడను కొబ్బరి పీచుతోనో, గట్టి బ్రష్‌తోనో రుద్ది కడగాలి. మన ఎండలకు గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు కాబట్టి ఈ పని వారానికొకసారి తప్పకూడదు. శుక్రవారం డ్రై డే (నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు) పాటించమని ఆరోగ్య శాఖ వాళ్లు చెప్పే మాటకు కారణం ఇదే.

నీళ్లకు కటకటగా ఉన్నప్పుడు తొట్టి ఖాళీ చేయమనడం న్యాయమా అని మీకు అనిపించవచ్చు. ఒక్క చుక్క కూడా పారబోయవద్దు. కొళాయి వచ్చే రోజు ఉదయం అడుగున మిగిలిన నీళ్లను, అందులోని దోమ పురుగులతో సహా మొక్కల మొదట్లో పోయండి. నీళ్లు మట్టిలోకి ఇంకిపోగానే ఆ పురుగులు చచ్చిపోతాయి. అప్పుడు గోడలు రుద్ది, కొంతసేపు ఎండనిచ్చి, కొత్త నీళ్లు పట్టండి. రెండు డ్రమ్ములు, తొట్టి ఒకే రోజు ఖాళీ చేయడం కష్టమైతే వంతుల వారీగా పెట్టుకోండి, ఏదీ వారం దాటకుండా మాత్రం చూసుకోండి. పురుగు ఉందో లేదో తెలుసుకోవాలంటే టార్చి వేసి చూడండి: నీటి పైభాగంలో తలకిందులుగా వేలాడుతూ, నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కు పోయే సన్నని పురుగులే దోమ లార్వాలు.

మూత విషయంలో నేను కొంచెం పట్టుదలగానే చెబుతాను. వంకర పోయిన రేకు మూత, పైన అడ్డంగా పెట్టిన పలక పనికిరావు; వేలు దూరేంత సందు దోమకు సింహద్వారమే. పాత నూలు పంచెను రెండు మడతలు వేసి, డ్రమ్ము మూతి మీద బిగువుగా పరిచి, పాత సైకిలు ట్యూబు ముక్కతో చుట్టూ కట్టండి. గుడ్డ జారి నీళ్లను తాకకూడదు. మిద్దె మీది ట్యాంకు మూతను, పొంగు నీరు పోయే గొట్టాన్ని కూడా ఒకసారి చూడండి. పట్టణాల్లో మలేరియాను వ్యాపింపజేసే అనోఫిలిస్ స్టీఫెన్సై దోమకు ఇటువంటి ట్యాంకులంటే ఇష్టం. ఆ గొట్టం మూతికి సన్నని జాలీ కట్టించండి.

ఇక చిన్న చిన్న పాత్రలు. కుండీల కింది ప్లేట్లలో అంచుల దాకా ఇసుక పోయండి. తడి ఉంటుంది గానీ నీళ్లు నిలవవు. పిచ్చుకల కోసం మూకుట్లో పెట్టే నీళ్లను మానవద్దు, రోజూ పారబోసి రుద్ది నింపండి. ఎయిర్ కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనకాల ట్రే, పగిలిన కుండీలు, కొబ్బరి చిప్పలు, మూల పడేసిన టైరు చూడండి. అరటికి పైపుతో పైనుంచి తడపవద్దు, ఆకు మొదళ్ల మధ్య నీళ్లు నిలుస్తాయి. కుండీ మట్టి మీద నీళ్లు గంటల తరబడి నిలుస్తున్నాయంటే అడుగు రంధ్రం పూడుకుపోయినట్లే. మన రైతులు చీనీ తోటల్లో వాడే డ్రిప్పు పద్ధతినే మిద్దె కుండీలకూ పెట్టించుకుంటే డ్రమ్ముల అవసరమే కొంత తగ్గుతుంది.

నిమ్మగడ్డి, బంతి, తులసి ఊరికే నిలబడి ఉంటే దోమలను తరమలేవు. నిమ్మగడ్డి జాతి నూనె ఒంటికి రాసుకుంటే గంటా రెండు గంటలు పనిచేస్తుంది, అంతే. వేపాకు పొగ ఉన్నంతసేపే, అదీ చిన్నపిల్ల ఊపిరికి మంచిది కాదు. దానికన్నా మీరు కూర్చునే చోట టేబుల్ ఫ్యాన్ పెట్టుకోవడం మేలు, దోమ గాలికి ఎదురు ఎగరలేదు. డ్రమ్ముల్లో కిరోసిన్ పోయమని ఎవరైనా చెబితే వినవద్దు, ఆ నీళ్లు మొక్కలకు పనికిరాకుండా పోతాయి. ఫాగింగ్ పొగ గాలిలో ఎగిరే దోమలను చంపుతుంది గానీ తొట్టిలోని పురుగు జోలికి పోదు. పాపకు సాయంత్రం పూట ఒళ్లు కప్పే నూలు బట్టలు వేయండి. హఠాత్తుగా ఎక్కువ జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లు నొప్పులు వస్తే డాక్టరుకు చూపించండి. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ బిళ్లలు సొంతంగా వేయవద్దు.

ప్రశ్న: పెద్ద టబ్బులో తామర పెంచుతున్నాను. దాన్ని వారం వారం ఖాళీ చేయలేను కదా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: అక్కరలేదు, నాలుగైదు గప్పి చేపలు వదలండి. లార్వాలను అవి తినేస్తాయి. గాంబూసియా చేపలు కూడా ఈ పని చేస్తాయి గానీ అవి అమెరికా నుంచి తెచ్చినవి, మన చేపల గుడ్లనూ పిల్లలనూ తింటాయి. ఎక్కువైతే ఏ చేపలనైనా పెన్నలోనో, బుగ్గవంకలోనో వదిలేయడం పెద్ద పొరపాటు. కడప మే నెల ఎండకు చిన్న టబ్బులో నీళ్లు కాగి చేపలు చనిపోతాయి కాబట్టి, తామరకు ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోట టబ్బు ఉంచండి. ఆకులు నీటిని పూర్తిగా కప్పేస్తే చేపలకు లార్వాలు చిక్కవు, కొన్ని తీసేస్తూ ఉండండి. చేపలు వద్దనుకుంటే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు ఉంది. దోమ లార్వాలను చంపుతుంది, మొక్కలకూ పక్షులకూ హాని చేయదు. పొట్లం మీద రాసిన మోతాదు దాటవద్దు.

ప్రశ్న: డ్రమ్ములు, కుండీలు అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. దోమలు మాత్రం రాత్రి పడుకున్నాకే చెవుల దగ్గర రొద పెడుతున్నాయి.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మీది వేరే దోమ, క్యూలెక్స్. ఇది మురికి నీళ్లలో పుడుతుంది, ఈడిస్ కన్నా చాలా దూరం ఎగురుతుంది. ఎండాకాలంలో పారుదల తగ్గి హంద్రీ మడుగుల్లోనూ, కాలువల్లోనూ నిలిచిపోయే మురుగు మీ ఒక్కరి చేతిలో లేదు, దానికి వీధి వాళ్లంతా కలిసి పురపాలక కార్యాలయంలో అర్జీ ఇవ్వాలి. మీ చేతిలో ఉన్నవి రెండు. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం మూతికి నైలాన్ జాలీ కట్టి, ట్యాంకు పైపలకల సందులను సిమెంటుతో పూడ్పించండి. వంటింటి నీళ్లు పెరటి అరటి మొదట్లో గుంటగా నిలుస్తుంటే, ఆ గుంటను లోతు చేసి కంకర, ఇసుక నింపి ఇంకుడు గుంతగా మార్చండి. అవి రెండూ అయ్యేదాకా దోమతెర కట్టుకుని పడుకోండి.