70 ఎం.ఎం. టికెట్టు కొనేముందు

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

అమెరికాలో శాంటా మోనికాలోని ఏరో థియేటర్లో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ వేస్తే వెళ్లాలా, ఇంట్లో డిస్కు పెట్టుకుంటే చాలదా అని అడిగావు. ముందు ఫోన్ చేసి ఒక్క సంగతి కనుక్కో నాన్నా: వేసేది 70 ఎం.ఎం. ప్రింటా (వెడల్పాటి అసలు ఫిల్ము), డీసీపీనా (డిజిటల్ ఫైలు)? ప్రింటైతే సెలవు పెట్టయినా వెళ్లు. డీసీపీ అయితే అంత పరుగు అక్కర్లేదు, మంచి 4కే డిస్కు దానికి మరీ తీసిపోదు. బోర్డు చూసి మాత్రం నమ్మకు. మన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో పేరులో 70 ఎం.ఎం. ఉన్న హాళ్లలోనూ ఇప్పుడు ఆడేది డిజిటలే.

ప్రింటు ఎప్పటిదో కూడా అడుగు. 1980లకు ముందు ఈస్ట్‌మన్‌కలర్ అనే రంగుల ఫిల్ము మీద వేసిన ప్రింట్లలో నీలి పొర ముందు వెలిసిపోతుంది, చివరికి గులాబి ఎరుపే మిగులుతుంది. ఆకాశం, ఇసుక ఒకే రంగుకు తిరిగాక ఎడారి సినిమా ఏం చూస్తాం? కొత్తగా వేయించిన ప్రింటు అంటేనే డబ్బు కట్టు.

సీటు దగ్గర మనవాళ్లు పొరపాటు చేస్తారు, వెనక బాల్కనీ అలవాటు కదా. తెర వెడల్పు ఎంతో, అంతకు కాస్త ఎక్కువ దూరంలో, నడిమధ్యన కూర్చో. బావి దగ్గర సీనులో నటుడు ఒమర్ షరీఫ్ ఎండమావిలోంచి ముందు ఓ నల్లచుక్కలా వస్తాడు. ఆ చుక్క వణుకుతూ, సాగుతూ, మనిషీ ఒంటే అయ్యేదాకా కెమెరా కదలదు. చుక్కను నీ కన్ను వెతికి పట్టుకోవాలి, ఆ సీనంతా అందులోనే ఉంది. వెనక వరసలోంచి అది పోతుంది.

మొదట బొమ్మ లేకుండా సంగీతం వస్తుంది. ప్రొజెక్టర్ పాడైందనుకోకు, దాన్ని ఓవర్చర్ అంటారు. ఇంటర్వెల్ తర్వాతా సంగీతం ఉంటుంది, అది మొదలయ్యేలోపే సీట్లోకి రా. సినిమా మూడున్నర గంటలు దాటుతుంది.

ఇక ఇంట్లో. 65 అంగుళాల టీవీ తెర 144 సెంటీమీటర్ల వెడల్పు, 81 ఎత్తు. 70 ఎం.ఎం. బొమ్మ వెడల్పు ఎత్తుకు 2.20 రెట్లు, కాబట్టి దానికి అందులో 65 సెంటీమీటర్ల ఎత్తే దక్కుతుంది. 2.76 రెట్లుండే అల్ట్రా పానవిజన్ అనే ఇంకా వెడల్పు బొమ్మకైతే 52, పైనా కిందా పద్నాలుగేసి నల్ల పట్టీలు. వాటిని చూసి ‘జూమ్’ నొక్కావో, స్కోప్ (సినిమాస్కోప్) బొమ్మలో దాదాపు పావు వంతు పక్కల నుంచి కోసినట్టే. మన తెలుగులో మొదటి స్కోప్ సినిమా ‘అల్లూరి సీతారామరాజు’ (1974) అయినా అంతే, పక్కలు కోస్తే గుంపులో సగం మంది మాయమవుతారు. పట్టీలను ఉండనీ, సోఫానే ముందుకు జరుపు: ఆరున్నర అడుగులు. టీవీ సెట్టింగుల్లో మోషన్ స్మూతింగ్ (కదలికను నునుపు చేసేది) ఆపెయ్, లేకపోతే సినిమా సీరియల్‌లా జారుతుంది. సినిమాను తీసినట్టే చూపే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టు.

సినెరమా అనే పాత వెడల్పు తెర పద్ధతి లెక్క వేరు. మూడు ప్రొజెక్టర్లు, వంపు తెర. పక్క సీట్లోంచి గీతలన్నీ వంగి కనిపిస్తాయి. ఇంగ్లండ్ వెళ్లినప్పుడు బ్రాడ్‌ఫర్డ్‌లోని పిక్చర్‌విల్ థియేటర్లో మూడు ప్రొజెక్టర్ల ఆట పడుతుందేమో చూసుకో. అది కుదరకపోతే, సినెరమాలో తీసిన ‘హౌ ద వెస్ట్ వాజ్ వన్’ బ్లూరేలో స్మైల్‌బాక్స్ రూపం ఉంటుంది, వంపును బొమ్మలోనే చూపిస్తారు. మామూలు రూపం కాకుండా దాన్నే పెట్టుకో.

పెదనాన్న