ఎల్ సెంట్రో గుమస్తా గురించి ఒక యువ రచయితకు

నాయనా,

నీ కథ అందింది. పత్తి తీసే ఘట్టం బాగుంది. ఏ పత్రికకు పంపాలని అడిగావు, ఆ సంగతి తర్వాత. కౌంటీ ఆఫీసు (అక్కడి జిల్లా ఆఫీసు) ఘట్టం దగ్గర నాకు కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

1925. కాలిఫోర్నియాలో ఇంపీరియల్ వ్యాలీ. నీ పంజాబీ రైతు మెక్సికన్ అమ్మాయిని వెంటబెట్టుకుని పెళ్లి లైసెన్సు కోసం ఎల్ సెంట్రో ఊళ్లోని ఆ ఆఫీసుకు వెళ్తాడు. గుమస్తా బల్ల గుద్ది నానా బూతులూ తిడతాడు. నీ హీరో ప్రేమకు రంగు లేదని పేజీ నిండా ఉపన్యాసం ఇస్తాడు. గుమస్తా కళ్లు చెమర్చి సంతకం పెడతాడు.

ఆ కాలాన్ని ఇంత తేలిగ్గా వదిలెయ్యకు. తెల్లవాళ్లకు నల్లవాళ్లతో గానీ, 'మంగోలియన్ల'తో (చైనా, జపాన్ వాళ్లను అలా అనేవారు) గానీ పెళ్లి లైసెన్సు ఇవ్వకూడదని 1880లోనే కాలిఫోర్నియా చట్టం చేసింది. అందులో పంజాబీల ఊసు లేదు. మెక్సికన్లు చట్టం లెక్కలో తెల్లవాళ్లు, ఊళ్లో ఎవరూ అలా చూడకపోయినా సరే. మరి జలంధర్ నుంచి వచ్చిన సిక్కుని ఏ జాతి కింద రాయాలి? అది బల్ల అవతల కూర్చున్నవాడి ఇష్టం. ఇద్దరినీ ఎగాదిగా చూసేవాడు. ఒంటి ఛాయ ఒకటేలా ఉందనిపిస్తే ఇద్దరికీ 'బ్రౌన్' అని రాసి లైసెన్సు చేతికిచ్చేవాడు. అనిపించకపోతే లేదు. అప్పుడు వాళ్లు ఇంకో కౌంటీకో, పక్క రాష్ట్రానికో బయల్దేరాలి. ఒక ఆడపిల్ల, ఒక మగవాడు తమ చర్మం ఒకేలా కనబడాలని కోరుకుంటూ ఒక అపరిచితుడి ఎదుట నిలబడ్డ ఆ రెండు నిమిషాలు రాయవయ్యా! తిట్టు అక్కర్లేదు, ఉపన్యాసం అంతకన్నా అక్కర్లేదు.

నా జీవితమంతా నమ్మింది ఇదే. ఒక సంఘం మనుషుల్ని ఎలా చూస్తుందో అది అరిచే అరుపుల్లో కన్నా అది నింపే కాగితాల్లో ఎక్కువ తెలుస్తుంది. చిన్న వయసులో నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కథ ఒకటి రాశాను. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి 30 రోజుల ముందు నోటీసు అంటిస్తారు కదా, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోమని. నా కథలో ఆ బోర్డు ముందు అమ్మాయి మేనమామ నిలబడి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుతాడు, అంతే. ఒక పెద్ద పత్రిక సంపాదకుడు దాన్ని తిప్పి పంపాడు. నోటీసు తీసేసి, కృష్ణ ఒడ్డున వానలో ఇద్దరినీ కలపమన్నాడు. నేను కలపలేదు. ఏళ్లపాటు ఆ కథ ట్రంకు పెట్టెలోనే ఉంది. ఇవాళ్టి కథల పోటీల్లోనూ ఇదే వరస. కులాంతరమైనా మతాంతరమైనా చివర్లో నెత్తురు కారితేనే బహుమతి. ఆ మోజులో పడకు.

అరుపులే లేవని నేననను. 1930 జనవరిలో కాలిఫోర్నియాలోనే వాట్సన్‌విల్‌లో ఫిలిపినో కూలీలు తెల్ల అమ్మాయిలతో డాన్స్ చేస్తున్నారని గుంపులు రోజుల తరబడి వాళ్ల మీద పడ్డాయి. ఫెర్మిన్ టోబెరా అనే 22 ఏళ్ల కుర్రాడు తుపాకీ గుండుకి చచ్చిపోయాడు. తర్వాత ఏమైందో చూడు. 1933లో, ఫిలిపినో 'మంగోలియన్' కిందికి రాడని కోర్టు ఒక జంటకు అనుకూలంగా తీర్పిచ్చింది. అదే ఏడాది శాసనసభ చట్టంలో ఫిలిపినోలకు వర్తించేలా 'మలే' అన్న మాట చేర్చి ఆ సందు కాస్తా మూసేసింది. గుంపు రాత్రిళ్లు చేసిన పనినే సభ పగలు, ఓట్లు వేసి చేసింది.

ఇక నీ హీరో. అతనికి ఇవాళ్టి బుర్ర పెట్టావు. అప్పట్లో మనవాడు అమెరికా పౌరుడు కావాలంటే తెల్లవాణ్ణని నిరూపించుకోవాలి. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు పౌరసత్వం కేసు అమెరికా సుప్రీం కోర్టు ముందుకు వచ్చింది. తాను ఆర్యుణ్ణి, అగ్రవర్ణం వాణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అని అతని వాదన. అంతటితో ఆగలేదు. పెళ్లి విషయానికొస్తే, అమెరికావాడు నీగ్రోని ఎలా చూస్తాడో అగ్రవర్ణ హిందువూ ఇండియాలోని ఆదిమజాతుల్ని అలాగే చూస్తాడని అతని తరఫున కోర్టుకిచ్చిన కాగితాల్లో రాశారు! అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మన ఊరి కులాన్ని ఓడెక్కించి తీసుకెళ్లి అక్కడి కోర్టులో సాక్ష్యంగా నిలబెట్టారు. అలాంటి మాటలు గాలిలో ఉన్న రోజుల్లో నీ హీరో ప్రేమకు రంగు లేదంటాడా? అనొచ్చు, కానీ ఆ మాట దగ్గరికి అతను ఎలా వచ్చాడో నువ్వు చూపించాలి. కోర్టేమో థింద్ తెల్లవాడు కాడంది. శాస్త్రం ఏమన్నా, సామాన్యుడి కంటికి ఎవరు తెల్లగా ఆనితే వాళ్లే తెల్లవాళ్లట. అంటే ఎల్ సెంట్రో గుమస్తా కన్నే దేశానికి కొలబద్ద అయింది.

ఇంకొకటి. వాళ్లను కలిపింది ప్రేమ ఒక్కటే అని రాశావు. 1917 నాటి అమెరికా వలస చట్టం తర్వాత పంజాబ్ నుంచి ఆడవాళ్లు వచ్చే దారి లేదు. కొందరికి ఊళ్లో భార్యలుండేవారు. మెక్సికోలో విప్లవానికి చెదిరి వచ్చిన కుటుంబాలు ఆ పొలాల్లోనే పత్తి తీసేవి. అక్కని ఒకరు చేసుకుంటే, చెల్లెల్ని అతని భాగస్వామి చేసుకున్న ఇళ్లున్నాయి. పిల్లలు ఇంటిపేరు సింగ్‌గా, స్పానిష్ మాట్లాడుతూ, చర్చికి వెళ్తూ పెరిగారు. విడాకులు కోరిన ఆడవాళ్లూ తక్కువేం కాదు. వాళ్లు నీ కథలో ఎక్కడ?

నీ నాయిక టెక్సాస్‌లో పుట్టిందన్నావు, అమెరికా పౌరురాలన్నమాట. 1922 నాటి కేబుల్ చట్టం ప్రకారం, పౌరసత్వానికి పనికిరాని విదేశీయుణ్ణి పెళ్లాడితే ఆమె పౌరసత్వం పోతుంది. 1931లో గానీ ఆ నిబంధన తియ్యలేదు. థింద్ తీర్పుతో నీ హీరో ఆ పనికిరానివాళ్లలో చేరాడు. అంటే పెళ్లయిన క్షణాన ఆమె పుట్టిన దేశంలోనే పరాయిదైపోయింది. ఆ సంగతి ఆమెకు ఎప్పుడు తెలిసింది? ఎవరు చెప్పారు?

పొలం ఎవరి పేరున ఉందో కూడా నువ్వు రాయలేదు. అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనకూడదు, 1920 తర్వాత కౌలుకూ తీసుకోకూడదు. భర్త పేరున కుదరదు, ఇప్పుడు భార్య పేరునా కుదరదు. కొందరు నమ్మకస్తుడైన తెల్ల రైతు పేరున పెట్టారు, తర్వాత తర్వాత అక్కడే పుట్టిన పిల్లల పేరున రాయించారు. నీ కథలో ఎవరి పేరున పెట్టారో తేల్చుకుని రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటిది